రాగిబిళ్ళకు కుంకుమబొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాచారం టూల్‌రూమ్‌లో అది పనికొచ్చేది. డైకి పాలిష్ సరిగా రాకపోతే ఒక్క అరుపుకే అందరూ దారికొచ్చేవారు. ఇంట్లో మాత్రం అదే కోపం నన్ను తలెత్తుకోలేకుండా చేసింది.

మేము చేసేవి స్టీలు డబ్బాల మూతలు ఒత్తే డైలు, అంటే అచ్చులు. అచ్చు పగిలిందంటే ఆ సందులోకి లోహం దూరుతుంది. ఇక ఒత్తిన ప్రతి మూత మీదా వెంట్రుకంత గీత ఉబ్బి కనిపిస్తుంది. అలాంటివి మాకు తుక్కు కింద లెక్క. ఉప్పల్‌లో మా వీధి చివర నెట్ కేఫ్ ఉండేది. అమెరికావాళ్ళ తొలినాళ్ళ రాగి సెంటు నాణేల మీద జనం సరిగ్గా అలాంటి గీతలనే వెతుక్కుంటారని ఒకరోజు అక్కడ చదివాను. అప్పట్లో అచ్చులు చేత్తో చెక్కేవారట. అందుకే ఒకే ఏడాది నాణేల్లో కూడా ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ బొమ్మలోని ఆకు కాస్త జరుగుతుంది, అంకె కాస్త వాలుతుంది. ఏ నాణెం ఏ అచ్చులో పుట్టిందో పోల్చి, అందులో అరుదైనదాన్ని పట్టుకోవడం వాళ్ళకు పెద్ద విద్య. డైలతోనే బతికేవాణ్ణి, నేనెందుకు ఊరుకుంటాను?

మౌలాలిలో పాత ఇత్తడి, రాగి సామాన్లు అమ్మే కొట్టులో నాకూ ఒక సెంటు దొరికింది. పాత రూపాయి బిళ్ళంత ఉంటుంది, కారునలుపు. ఒకవైపు జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ముఖం, రెండోవైపు ఆకుల దండ. కేఫ్‌లో బొమ్మలతో పోల్చి చూస్తే ఆకుల వరుస రెండు రకాలకు సరిపోయింది. ఒకటి అందరి దగ్గరా ఉండేది, ఇంకోటి అరుదైనది. అరుదైనదానికి ఆకు కొస నుంచి అంచు దాకా పగులు గీత ఉంటుంది. భూతద్దంలో నా బిళ్ళ మీదా గీత కనిపించింది. అది పగులా, పట్టిన చిలుమా అని ఒక అనుమానం వచ్చిన మాట నిజమే. ముల్లుతో మెల్లగా గీకితే తేలిపోయేది. బిళ్ళ పాడవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని గీకలేదు. నా అసలు భయం తేలిపోతుందనే.

తెలిసినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. పూజగదిలో అయితే ఎవరూ ముట్టరని బిళ్ళను దేవుడి పటం ముందు రాగిపళ్ళెంలో పెట్టాను.

అప్పుడే మా అత్తగారు జనగామ నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చి ఉంది. ఆ శుక్రవారం తెలంగాణ బంద్, ఫ్యాక్టరీ మూత. బిళ్ళ చూడ్డానికి ఇద్దరొచ్చారు. ఒకాయన నాతో పనిచేసే మనిషి, రెండో ఆయన ఎదురింట్లో ఉండే గోదావరి జిల్లా బ్యాంకు గుమాస్తా. పగులు గీత ఎలా పుడుతుందో వాళ్ళకు ఓ పాఠం చెప్పి, పూజగదిలోకి వెళ్ళాను.

పళ్ళెం తళతళలాడుతోంది. అందులో నా బిళ్ళ కొత్త చెంబులా ఎర్రగా మెరుస్తోంది. అమెరికా ఆడమనిషి నుదుట కుంకుమబొట్టు, పక్కన బంతిపువ్వు.

"ఎవరు ముట్టుమన్నరు దీన్ని?" అన్నాను, బయటికి వినబడేట్టే.

అత్తగారు టీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయింది. "అమ్మవారి బిళ్ళనుకున్న బిడ్డా. నల్లగైంది గదా, శుక్రారమని చింతపండు వెట్టి తోమిన."

"తోముడు తప్ప ఏం తెల్వదు నీకు. చదువులేనోళ్ళను ఇంట్ల వెట్టుకుంటే గిట్లనే ఉంటది."

"పోనీలెండి, పెద్దావిడ," అని గుమాస్తా గొణిగాడు. ఇద్దరూ టీ తాగకుండానే లేచారు.

ఆవిడ ఏడవలేదు. సంచి సర్దుకుని జనగామ బస్సెక్కుతానంది. "బంద్ గదమ్మా, బస్సులేడియి?" అంది నా భార్య. నావైపు తిరిగి, "మా అమ్మ నీ ఫ్యాక్టరీల పనిజేస్తలేదు" అని మాత్రం అంది. అత్తగారు ముందుగదిలో సంచి పక్కనే కూర్చుండిపోయింది. తిట్టిన ఇంట్లోనే సాయంత్రం దాకా కూర్చోవలసి వచ్చింది.

మధ్యాహ్నం భూతద్దం తీశాను. ఆకు కొస నుంచి అంచు దాకా నున్నగా ఉంది. అచ్చు పగులు వల్ల లేచిన గీత రాగిదే అవుతుంది, చింతపండుకు పోదు. పోయిందంటే అది చిలుమే. నా బిళ్ళ ఏనాడూ అరుదైనది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా కన్ను చేసిన తప్పుకు ఆవిణ్ణి తిట్టాను. తెలిసిన వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. మొహం చెల్లక, బిళ్ళను కిటికీలో పెట్టి వీధిలోకి వెళ్ళిపోయాను.

దీపాల వేళకు తిరిగొచ్చేసరికి వంటింట్లో ఆముదం వాసన. అత్తగారు పటకారుతో నా బిళ్ళను దీపం మీద పట్టుకుని మసి పట్టిస్తోంది. చేతి బొటనవేలు కాలి ఎర్రగా పొంగింది.

"జర ఆగు బిడ్డా. నల్లగ జేసిస్త. ఎన్కటి లెక్కనే అయితది."

సిగ్గుతో చచ్చిపోయాను. పటకారు లాక్కుని, "నువ్వేం ఖరాబు చెయ్యలే అత్తమ్మా. నేను గీత అనుకున్నది చిలుము. అది మామూలు బిళ్ళనే" అన్నాను.

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "చిలుమైతే, తోమినందుకు గంతగనం ఎందుకు తిట్టినవ్ బిడ్డా?"

ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామనే అడిగింది. నా భార్య కూడా జవాబు కోసం నావైపే చూస్తోంది. "వచ్చినోళ్ళ ముంగట నా ఇజ్జత్..." అని నసిగాను.

మర్నాడు అత్తగారు మొదటి బస్సుకు వెళ్ళిపోయింది. తర్వాత కూడా వచ్చేది, కూతురి ఇల్లు కదా. వచ్చిన ప్రతిసారీ పూజగది గడప దగ్గర ఆగి, కూతుర్ని కాదు, నన్ను అడిగేది.

"దీపం ముట్టియ్యొచ్చా బిడ్డా?"