చాంపియన్ రీఫ్స్‌లో పొడిగుడ్డతో తుడిచిన ప్యానెళ్ళు

కోవిడ్ రావడానికి ముందు ఏడాది వేసవిలో నన్ను కోలారు డివిజను ఆఫీసు నుంచి కేజీఎఫ్‌కు తాత్కాలికంగా వేశారు. అప్పుడు నేను విద్యుత్ సంస్థలో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. రిటైర్మెంటు దగ్గరపడినవాళ్ళకు పేరొచ్చే పనులు ఇవ్వరు, ఎవరూ ముట్టుకోని పనులు అంటగడతారు. నాకు అంటగట్టింది చాంపియన్ రీఫ్స్‌లో ఒక సోలార్ పంపు. అది ఎందుకు నీళ్ళు సరిగ్గా తోడడం లేదో చూసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారికి నివేదిక ఇవ్వాలి. బంగారు గనుల కాలంలో కార్మికులకు కట్టిన వరస ఇళ్ళను అక్కడ లైను అంటారు. గనులు మూతపడినా జనం ఆ లైన్లలోనే ఉన్నారు. అలాంటి ఒక లైనుకు ఆ పంపే ఆధారం.

ఎండ విషయంలో మా జిల్లాకు వంక పెట్టనక్కర్లేదు. ఎత్తు నేల, ఏడాదిలో చాలాకాలం తేటగా ఉండే ఆకాశం. పైగా అనంతపురం వైపు ఉన్నంత వేడి ఉండదు. చాలామంది అనుకునేదానికి భిన్నంగా ప్యానెల్‌కు కావలసింది వెలుతురే కాని వేడి కాదు. వేడెక్కిన కొద్దీ అది ఇచ్చే కరెంటు తగ్గుతుంది. ఆ లెక్కన కోలారు ప్యానెల్ మైదాన ప్రాంతపు ప్యానెల్‌ కన్నా మెరుగ్గా పనిచేయాలి. కోలారు ఊరి చుట్టూ పెట్టినవి అలాగే చేస్తున్నాయి కూడా. ఇక్కడ మాత్రం పంపు మిట్టమధ్యాహ్నం కూడా నీరసంగా తోడేది. లైనులో వంతు ప్రకారం బిందెలు పెడతారు. వరస చివర ఇళ్ళ వంతు వచ్చేసరికి ట్యాంకు అడుగంటేది.

నా అనుమానమంతా దుమ్ము మీద. లైను వెనకే సైనైడ్ దిబ్బ ఉంది. గనిలోంచి తెచ్చిన రాతిని పిండి చేసి, సైనైడుతో బంగారం తీసుకుని, మిగిలిన పొడిని పోసిన గుట్ట అది. గాలి వీచిందంటే ఆ పొడి ఇళ్ళలో అన్నం కంచాల దాకా వస్తుంది. కాని వెళ్ళి చూస్తే ప్యానెళ్ళు తళతళలాడుతున్నాయి. కోలారులో మా సొంత ఆఫీసు మేడమీదవి కూడా అంత శుభ్రంగా ఉండవు.

వాటిని తుడిచే మనిషి మునెమ్మ. చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో డ్రిల్లింగు పని చేసిన కుటుంబం. తండ్రి, భర్త ఇద్దరూ పోయారు. లైనువాళ్ళ నీటి సంఘం ఇచ్చే జీతంతోనే ఆమె ఇల్లు నడుస్తోంది. రోజూ పొద్దున్నే పాత చీరగుడ్డతో ప్యానెళ్ళను అరచేతి బలం పెట్టి రుద్దేది. నీళ్ళు వాడవా అని అడిగాను.

"ఇంతమంది బిందెలు పట్టుకోని నిలబడుకోనుంటే, అద్దాలకు పోసేదానికి మనసెట్ల వస్తాది మేడం?" అంది. మాట మధ్యలో ఆగి దగ్గింది.

అది ఆమె ఒక్కతె పద్ధతి కాదు. ఆ లైనులో తాగే నీళ్ళు నేలమీద పోయడం అంటే అన్నం పారేయడంతో సమానం. సామాను మీద పడ్డ దిబ్బ దుమ్మును అందరూ పొడిగుడ్డతోనే దులుపుతారు.

స్టోరులో పెట్టె విప్పని ప్యానెల్ ఒకటి ఉంటే తెప్పించి, వాడుకలో ఉన్నదాని పక్కన అదే వాలులో పెట్టించాను. పాతదాన్ని నీళ్ళతో బాగా కడిగించాను. ఒకే ఎండలో రెండింటి కరెంటు కొలిస్తే పాతది బాగా తక్కువ చూపింది. వయసు వల్ల తగ్గేది ఇంత ఉండదు. వంగి ఏటవాలుగా చూశాను. అద్దం నిండా సన్నని గీతలు, చెయ్యి తిరిగినట్టే వంపులు తిరిగి ఉన్నాయి. ఆ దిబ్బ పొడి పలుగురాతి పొడి. పొడిగుడ్డ కింద అది గరుకు కాగితంలా పనిచేసి, గట్టిపరచిన అద్దాన్నే అరగదీసింది.

మునెమ్మ ఆ గీతల మీద వేలు పెట్టి చూసుకుని, చేతిలో ఉన్న చీరగుడ్డను తిప్పి చూసింది. నేను చూస్తున్నది మాత్రం ఆమె ముక్కును, నోటిని. అద్దాన్ని కోసిన పొడిని ఆ మనిషి ఏ అడ్డూ లేకుండా రోజూ పీలుస్తోంది. నాకు భయం వేసింది.

రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకుందాం, నేనే తీసుకెళ్తానన్నాను. ఆమె ససేమిరా అంది.

"మా నాయన పోటో తీపిచ్చుకున్నంక మళ్ళా గని షాఫ్ట్ దిగలేదు మేడం. ఊపిరితిత్తులు చెడినాయి, ఇంగ దిగొద్దన్నారు. ఇంట్లో కూసోని కూసోనే పోయినాడు. నన్ను గూడా కూసోబెట్టేదానికా?"

ఆ లైన్లలో ఎక్స్‌రే అంటే జబ్బు తెలుసుకునే మార్గం కాదు, పని పోయే దారి. ఆమెను తప్పు పట్టలేకపోయాను.

ఆ సాయంత్రం సంఘం కూర్చుంది. సంఘం పెద్ద చెంగల్రాయప్ప, గనిలో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. గీతల సంగతి చెప్పగానే ఒకరిద్దరు మునెమ్మను మార్చేద్దామన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె చేసింది మీరందరూ ఇళ్ళలో చేసేదే కదా అన్నాను. ఇకమీద ఎవరూ పొడిగా తుడవకూడదని, పొద్దున్నే నీళ్ళు పట్టి రబ్బరు వైపరుతో లాగాలని చెప్పాను.

"తాగేదానికే లేవు, కడిగేదానికి యాడ తెచ్చేదమ్మా?" అన్నాడు చెంగల్రాయప్ప.

కడగడానికి పోయేది కొన్ని బిందెలు, కొత్త ప్యానెళ్ళు వేసి గీతలు పడకుండా కడిగితే పంపు అదనంగా తోడేది దానికి ఎన్నో రెట్లు అని లెక్క వేసి చూపించాను. ఒప్పుకున్నాడు. అప్పుడు రెండో సంగతి అడిగాను. ఎక్స్‌రేలో ఏమి వచ్చినా మునెమ్మ పని ఆమెకే ఉండాలని, పొడి దుమ్ము దగ్గరికి మాత్రం ఆమెను పంపకూడదని. ఆయనకూ గనిలో పట్టుకున్న దగ్గు ఉంది.

"ఉంటాదమ్మా. బరువు పని వేరేవాళ్ళు చేస్తారు. పని దానిదే," అని మునెమ్మ ముందరే చెప్పాడు. ఆ మాట విన్నాకే ఆమె నాతో వచ్చింది.

ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయన్నారు డాక్టరు. ప్యానెళ్ళు తుడిచినందుకు వచ్చాయో, పుట్టినప్పటి నుంచి ఆ దిబ్బ కింద బతికినందుకు వచ్చాయో చెప్పలేనన్నారు. మునెమ్మ ఏడవలేదు. రేపు పనికి రావచ్చునా అని మాత్రం అడిగింది. బస్సులో తిరిగి వస్తుంటే ఏడుపు నాకే వచ్చింది.

సౌరశక్తి అంచనాలో దుమ్ము నష్టం అని ఒక పద్దు ఉంటుంది. అందరూ అక్కడ ఒక మామూలు అంకె వేసి ముందుకు పోతారు. ఆ తరవాత నేను చూసిన ప్రతి అంచనాలో ఆ పద్దు కింద, ఆ దుమ్ము ఏ రకం, దాన్ని తుడిచేది ఎవరు, నీళ్ళు ఎక్కడి నుంచి అని రాశాను. ఇది మన పరిధిలోది కాదని పైఆఫీసు నుంచి ఒకసారి రాశారు. నేను మానలేదు. ఎండ ఎంతో ఆఫీసులో కూర్చుని తెలుసుకోవచ్చు, ఇది మాత్రం అక్కడికి వెళ్ళి అడగాల్సిందే.

నా నివేదిక చూసి గీతలు పడ్డ ప్యానెళ్ళు మార్చారు. ట్యాంకు ఇప్పుడు నిండుతోందని, చివరి ఇళ్ళకూ నీళ్ళు అందుతున్నాయని చెంగల్రాయప్ప ఫోనులో చెప్పాడు. మునెమ్మ సగం వరస కడిగి, ఊపిరి అందేదాకా కూర్చుని, తరవాత మిగతా సగం కడుగుతుందట.