బలద్‌లో పొట్ట వచ్చిన గోడ

2019 ఫిబ్రవరి 10, ఆదివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు జెడ్డా పాతపట్నమైన బలద్‌లో ఉమ్మ్ సాలిమ్ ఇంటి తలుపు తట్టాను. అప్పుడు నేను పాత కట్టడాల మరమ్మతు కంపెనీలో సీనియర్ స్ట్రక్చరల్ ఇంజినీరును. అది నాలుగంతస్తుల ఇల్లు. రెండో అంతస్తు దగ్గర వీధి గోడ ముందుకు ఉబ్బింది. పై రెండంతస్తులూ దించేయాలని మా ప్రాజెక్టు మేనేజరు నివేదిక రాసి ఉంచారు. లోపలి కొలతలు మాత్రం లేవు. ఆడవాళ్లుండే గదుల్లోకి మగ ఇంజినీర్లను ఆ పెద్దావిడ రానివ్వలేదు. అందుకని నన్ను పంపారు.

తలుపు తీసింది ఆ ఇంట్లో పనిచేసే ఖాసింబీ, రాయచోటి మనిషి. నా సంచి మీది తెలుగు అక్షరాలు చూసి, "మన తెలుగోళ్లేనా అక్కా!" అంటూ చేయి పట్టి లోపలికి లాగింది.

గోడకు పొట్ట వచ్చిందని, పై అంతస్తులు దించాల్సి రావచ్చని ఉమ్మ్ సాలిమ్‌కు చెప్పాను. దించితే ఆవిడ తన కొడుకు అపార్ట్‌మెంటుకు పోవాలి. ఆవిడకు లిఫ్టు గిట్టదు, కోడలు అంతకన్నా గిట్టదు. నన్ను ఎగాదిగా చూసి అరబ్బీలో ఏదో అంది. ఖాసింబీ నవ్వాపుకుంటూ, "పొట్ట మామాకూ ఉందంట, నీకూ ఉందంట. ముందు ఎవురిని కూలగొడతావో చెప్పమంటాంది," అంది. యజమానురాలిని అక్కడ మామా అనే పిలుస్తారు.

ఆ ఇళ్ల గోడలు సముద్రం నుంచి తీసిన పగడపు రాయివి. రాళ్లను పట్టి ఉంచడానికి సుమారు మీటరు ఎత్తుకొకటి చొప్పున గోడ పొడవునా దుంగలు పరుస్తారు. దుంగ పుచ్చితే గోడ ముందుకు వస్తుంది. ఒకటైతే మార్చవచ్చు. వరసగా మూడు పుచ్చితే దించక తప్పదు.

వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీని రోషన్ అంటారు. దాని పక్కన ఏసీ పైపు కనిపించింది. నీరు ఎటు పోతుందని అడిగాను.

"యాడికి పోతాదక్కా, గోడలోకే. కింద పోయేటోళ్ల నెత్తిన పడతాందని, పాపమని మామానే లోపలికి మళ్లించింది."

దారిన పోయేవారి పట్ల మర్యాద ఆ గోడ తాగింది.

నివేదికను రెండు వారాలు ఆపించాను. ఇల్లు ఖాళీ చేయించి, అంతస్తులకు జాకీలు బిగించి, గార ఊడదీశాం. ఉమ్మ్ సాలిమ్ సందు అవతల కుర్చీ వేయించుకుని, గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, ఫ్లాస్కుతో కూర్చుంది. పైపు దగ్గరి దుంగ వేలితో నొక్కితే పొడి అయింది. పై దుంగకు ఉలి పెట్టి కొట్టాం, దిగలేదు. కింది దానికీ దిగలేదు.

"ఒకటే, ఖాసింబీ!" అని కేకేశాను.

"వాహిద్, మామా! వాహిద్ బస్!"

ఒక్కటే అన్న ఆ మాటకు ఉమ్మ్ సాలిమ్ నాలుక ఆడిస్తూ పెళ్లిళ్లలో వేసే కేక వేసింది. చుట్టుపక్కల కిటికీల్లోంచి ఆడవాళ్లు అందుకున్నారు. కింద నిలబడ్డ మా మేనేజరు చేతిలో ఎవరో గహ్వా గిన్నె పెట్టారు. ఆయన నివేదిక చంకన పెట్టుకుని తాగారు.

గోడ ఎంత వంగిందో కొలిచే ముందు నీరు ఎటు పోతుందో అడగాలి. ఆ ఇంట్లో రోజూ తిరిగేవారినే అడగాలి.

నష్టం: దుంగ ఒకటి, పగడపు రాళ్లు పదకొండు, రోషన్ జాలీ పలక ఒకటి. అంతస్తులు, సున్నా.