తాయారు తాళాలు ఇచ్చిందా?

దోహాలో మా చిన్నప్పుడు... శుక్రవారం భోజనాలయ్యాక మా ఇంటి తలుపు ఎవరూ మూసేవారు కాదు. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో రెండు గదుల ఇల్లు మాది. చాప మీద ఆడవాళ్ళు... మధ్యలో పీట వేసుకుని అమ్మ, చేతిలో అందరికీ చదివి వినిపించే సీరియల్!

వారపత్రికల్లోంచి పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, క్యాలెండర్ అట్ట అంటించిన పుస్తకం అది. పక్కింటి రజియా ఆంటీది కరీంనగర్. తెలుగు గడగడా మాట్లాడేది కానీ చదవడం రాదు. లక్ష్మక్కది కడప దగ్గర పల్లె. ఖతరీ వాళ్ళింట్లో వంటపని. వారానికి ఆ ఒక్క మధ్యాహ్నమే సెలవు... అదీ మా అమ్మ కథకే!

కథలో తాయారుని మొగుడు వదిలేసి పోతాడు. ఆమె పొయ్యి ముందు చెమటోడ్చి సొంతంగా మెస్ పెడుతుంది. అది బాగా నడుస్తుంటే మొగుడు తిరిగొచ్చి తాళాలడుగుతాడు... ముగింపు వచ్చేవారం!

ఆ సంచిక సెలవుకి ఊరెళ్ళిన నాన్న తేవాలి. తెచ్చారు కూడా... కాకపోతే నానమ్మ దాన్ని ఆవకాయ సీసాకి చుట్టి పంపింది. నూనె కారి ఒక్క అక్షరం మిగల్లేదు. "ఆవకాయ మాత్రం బ్రహ్మాండంగా ఉంది" అన్నారు నాన్న. అమ్మ ఆ పూట ఆయనతో మాట్లాడితే ఒట్టు.

ఇక సినిమాయే దిక్కు. ఆ సీరియల్ నవలని సినిమాగా తీస్తున్నారని తెలిసి నెలల తరబడి ఎదురుచూశాం. క్యాసెట్ దొరికిన శుక్రవారం చాప మీద చోటు చాల్లేదు.

సినిమాలో తాయారు పట్టుచీర కట్టుకుని వంట చేసింది. మెస్ ఒక్క పాటలో వెలిసింది. చివర్న మొగుడి కాళ్ళ మీద పడి తాళాలు అతని చేతిలో పెట్టేసింది. శుభం!

ఎవరూ లేవలేదు.

"గిదేం పిక్చరమ్మా... తాయారు గట్ల చేస్తదా?" అంది రజియా ఆంటీ.

లక్ష్మక్క కళ్ళు తుడుచుకుంది. "అంత పొగలో ఉడికి సంపాదించి, తాళాలు ఆయప్పకిచ్చేదేందక్కా? నేనుగూడా ఊరికి పోయి మెస్సు పెట్టాలనుకుంటి..."

ఆమెకి అలాంటి కోరిక ఉందని మాకు అప్పుడే తెలిసింది. అమ్మ టీవీ కట్టేసింది. పీట లాక్కుని, చేతిలో పుస్తకం లేకుండానే మొదలుపెట్టింది.

"తాయారు మొగుణ్ణి అందరితో పాటు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆకు వేసి కడుపునిండా వడ్డించింది. తిన్నాక అతను తాళాల కోసం చెయ్యి చాచాడు. తాయారు చెంబు తెచ్చి ఆ చేతిలో నీళ్ళు పోసింది. 'కడుక్కోండి' అంది. తాళాలు ఆమె కొంగునే ఉన్నాయి."

"అదీ... అదీ మా తాయారంటే!" అంటూ లక్ష్మక్క అమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది. రజియా ఆంటీ చప్పట్లు కొట్టింది. హైస్కూలు దాటని మా అమ్మని చూసి ఆ రోజు నాకెంత గర్వమో... ఇప్పటికీ అంతే.

ఇప్పుడు ఏ కథ ముగింపైనా ఫోన్లో క్షణంలో దొరుకుతుంది. దానికోసం కలిసి ఎదురుచూడటమూ లేదు, నచ్చకపోతే కలిసి అలగడమూ లేదు. మీ ఇంట్లోనూ ఇలా సినిమా చేతిలోంచి కథని కాపాడినవాళ్ళుంటే చెప్పండి... వినాలనుంది.

మొన్న పాత పుస్తకాల షాపులో ఆ నవల దొరికింది. కొనేశాను. చివరి అధ్యాయం మాత్రం తెరవలేదు... దాన్ని మా అమ్మ ఎప్పుడో పూర్తి చేసేసింది కదా!