ఇత్తడి గుండిగలు, పుల్లమ్మ చెవులు

తెనాలిలో ఇత్తడి వాడేవాళ్లు తగ్గిపోయారని ఎవరైనా అంటే పుల్లమ్మకు ఒళ్లు మండుతుంది. పెళ్లిలో పప్పు ఉడికేది దేంట్లో, గుడిలో పులిహోర కలిపేది దేంట్లో, చర్చి విందుకు అన్నం వండేది దేంట్లో చెప్పమని నిలదీస్తుంది. ఇత్తడికి ఉన్న చెడ్డగుణం ఒక్కటే. పులుపు తగిలితే చిలుమెక్కి వంటను పాడుచేస్తుంది. అందుకే లోపల తగరంతో కళాయి పూయాలి. ముప్పై ఐదేళ్లుగా పుల్లమ్మ పని అదే. నేర్పినవాడు భర్త సుందరయ్య. ఆయన పోయి పదేళ్లయింది.

ఆయన నేర్పినవాటిలో ముఖ్యమైనది తగరం పరీక్ష. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే మంచి తగరం కిరకిరమని అరుస్తుంది. సీసం కలిస్తే నోరు మూసుకుంటుంది. సీసం కలిసిన కళాయి కూడా తళతళలాడుతుంది గానీ తిన్నవాళ్ల ఒంట్లోకి, అందులోనూ పసిపిల్లల ఒంట్లోకి, విషం ఎక్కిస్తుంది.

నాలుగేళ్లుగా పుల్లమ్మకు ఆ అరుపు వినపడడంలేదు. సొట్టలు తీయడానికి ఇత్తడిని అన్నేళ్లు సుత్తితో బాదితే చెవులు మాత్రం ఏం మిగులుతాయి! ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెవుడొచ్చిన కళాయి మనిషికి గిన్నె ఎవరిస్తారు? కడ్డీ వంచి, తల ఊపి, "అరిచింది" అనేసేది. ఎప్పుడూ కొనే కొట్టు సరుకే గదా అని ధీమా.

ఈసారి ఆ కొట్టు మూసి ఉంటే ఇంకోచోట కొంది. కొలకలూరు చర్చి కోతపండుగ విందుకు ఆరు గుండిగలకు కళాయి పూసి శుక్రవారం పంపేసింది. శనివారం పొద్దున్నే కోడలు హెప్సిబా మిగిలిన తగరం ముక్కను సర్దుతూ ఊరికే వంచి చూసింది.

"అత్తమ్మా, ఇది అరవట్లేదేంటి?" అని రెండోసారి గట్టిగా అడిగితేగాని పుల్లమ్మకు వినపడలేదు.

ముక్క లాక్కుని తెల్ల కాగితం మీద గీసింది. పెన్సిల్ గీతలా నల్లగా పడింది. సీసం! రేపు మధ్యాహ్నం ఊరి పిల్లలంతా ఆ గుండిగల్లో వండింది తింటారు.

"ఆటోని పిలువు. కొలిమితిత్తి, ఇసుక సంచి ఎక్కించు."

దారంతా గతుకులే. ఆటో గడగడ చెవికి అందకపోయినా దవడకు మాత్రం బాగా తెలుస్తోంది. పుల్లమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుని ఆలోచనలో పడింది.

చర్చి ఆవరణలో ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. సంఘపెద్ద వరప్రసాదం ఎదురొచ్చాడు. సంగతి విని కంగారులో గొంతు పెంచాడు.

"నువ్వు వినకుండా తగరం కొనవు గదా పుల్లమ్మక్కా! ఎట్లా జరిగింది?"

కొట్టువాడు మోసం చేశాడనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. కానీ సగం మాటే. పుల్లమ్మ దాన్ని మింగేసింది.

"నాకు చెవులు వినపడట్లేదండి. నాలుగేళ్లయింది. తప్పు నాదే. సాయంత్రంలోగా అన్నీ గీకి మళ్లీ పూస్తాను. మంచి తగరం తెప్పించండి."

కత్తిపీటలు ఆగిపోయాయి. పుల్లమ్మకు సిగ్గుతో ముఖం మండిపోయింది. అయినా ఆగలేదు. పొయ్యి రాజేసి, గుండిగలు వేడిచేసి, కరిగిన కళాయిని గుడ్డతో తుడిచిపారేసింది. అవి చల్లారాక ఒక్కో గుండిగలో ఇసుకపోసి, లోపల నిలబడి, పసుపు పచ్చని ఇత్తడి బయటపడేదాకా కాళ్లతో తోమింది.

మధ్యాహ్నానికి తెనాలి నుంచి తగరం వచ్చింది. వరప్రసాదం కడ్డీని హెప్సిబా వైపు చాపాడు.

"నువ్వు వినమ్మా."

ఆ మాట పుల్లమ్మకు వినపడలేదు. చెయ్యి ఎటు చాపాడో మాత్రం కనపడింది. ప్రాణం చివుక్కుమంది. గబగబా వెళ్లి కడ్డీ అందుకుంది. ఒక కొసను కొంగుతో తుడిచి పళ్ల మధ్య బిగించి, రెండో కొసను రెండు చేతులతో వంచింది.

పంటి నుంచి దవడకు, దవడ నుంచి కణతకు కిరకిరమంటూ పాకింది. సుందరయ్య పక్కన కూర్చుని తొలిసారి విన్న అరుపే అది.

హెప్సిబా తల ఊపింది. "అరిచిందత్తమ్మా."

"అరిచింది," అంది పుల్లమ్మ. నాలుగేళ్లలో ఆ మాట నిజంగా అనడం అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తుడుచుకోలేదు. "చూస్తావేంటి, గుండిగ ఎక్కించు. ఇంకా ఆరున్నాయి."