హినెరంగి అత్త ‘ఇప్పుడే’

మా హినెరంగి అత్త నోట ‘ఇప్పుడే’ అన్న మాట వచ్చిందంటే, ఇంటికెళ్లి ఓ కునుకు తీసి రావచ్చు.

రోటొరువా ఊళ్లో మా పేటంతా నేలలోంచి లేచే ఆవిరే. ఆకుపచ్చ గుంటలూ, పసుపు పూసినట్టుండే గంధకపు రాళ్లూ చూడ్డానికి బస్సుల్లో జనం దిగుతారు. వాళ్లను తిప్పి చూపించడం అత్త పనీ, నా పనీ. ఆఖరున అందరినీ పెద్ద వేడినీటి బుగ్గ ముందు నిలబెట్టి అత్త చెయ్యెత్తేది.

“కళ్లార్పకండి. ఇప్పుడే ఆకాశానికి ఎగజిమ్ముతుంది.”

బుగ్గకు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కెమెరాలు ఎత్తినవాళ్లు చేతులు లాగి దించేవారు.

“ఎప్పుడమ్మా?”

“ఇప్పుడే అన్నాగా. దానికి సింగారించుకోవద్దూ?”

“నేను పోయేలోపు వస్తుందా?” అన్నాడో ముసలాయన.

“నీకు నూరేళ్లాయుష్షు. ఇప్పుడే వస్తుంది.”

కాళ్లు పీకి, ఆకలేసి, జనం పక్కనే మరిగే గుంటలో హొహెపా తాత ఉడకేసిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని కొరుకుతూ కూర్చునేవారు.

ఫిర్యాదులు పేట పెద్ద తమాటి దాకా వెళ్లాయి. “అత్తా, రేపు నేనే వచ్చి నిలబడతా. మాట తప్పావో, ఇక ఇంట్లో కూర్చోవాల్సిందే” అన్నాడు. జనం లేకపోతే అత్త గోడలతో మాట్లాడుతుంది.

మర్నాడు అత్త బుగ్గ వైపు తిరిగైనా చూడలేదు. “వెనక్కి జరగండి, తడుస్తారు” అంది. మాట నోట్లో ఉండగానే నీళ్లు తాడెత్తున లేచాయి. తమాటి నిలువునా తడిశాడు.

ఆ సంబరంతో తెల్లారి మళ్లీ వచ్చాడు. అత్త మళ్లీ ‘ఇప్పుడే’ మొదలెట్టింది.

“నిన్న అంత కచ్చితంగా చెప్పావు, ఇవాళేమొచ్చింది?” అని పళ్లు నూరాడు తమాటి.

అత్త గొంతు తగ్గించింది. “నిన్న హొహెపాకి జ్వరం, రాలేదు. ఇవాళ గంపెడు పొత్తులు తెచ్చాడు. నీళ్లు లేచాయా, జనం బస్సెక్కేస్తారు. వాడా, నోరు విప్పి ఒక్కర్నీ పిలవడు. అందుకే నీళ్లు లేచే వేళకి చాలా ముందే జనాన్ని తోలుకొస్తా.”

తమాటి అటు చూశాడు. మనిషి దగ్గరికొస్తే చాలు, హొహెపా తాత సిగ్గుతో తల గుంట మీదికి వంచేస్తున్నాడు. గంప ఇంకా సగముంది. ఇన్నేళ్లు పక్కనే తిరిగినా నాకూ తట్టలేదు. అత్తను అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఇంతలో ఒకావిడ విసుగ్గా తమాటి దగ్గరికొచ్చింది. “మీరు పెద్దమనిషిలా ఉన్నారు. నిజం చెప్పండి, ఎప్పుడొస్తుంది?”

తమాటి గంప వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

“ఇప్పుడేనమ్మా. ఈలోగా ఓ పొత్తు తినండి.”