స్తుతి రాసిన ఒక్క లైను

ఇబ్రహీంపట్నం వీరస్వామి బిడ్డ స్తుతి ఊరి పక్క కాలేజీలోనే ఇంజనీరింగు చదివింది. తోటివాళ్లంతా మాదాపూర్ బాట పడితే, ఆమెకు రెండువేల పదకొండులో కుషాయిగూడలో ఇరవై మంది పనిచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. వాళ్లు తయారుచేసేది బోరు మోటార్లకు బిగించే డబ్బా. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ నుంచి మెసేజ్ పంపితే పొలంలో మోటారు నడుస్తుంది, ఇంకో మెసేజ్ పంపితే ఆగుతుంది. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెలియని ఆ రోజుల్లో ఆ డబ్బాకు మస్తు గిరాకీ ఉండేది.

మెసేజ్ పంపింది ఆ రైతేనని డబ్బాకు ఎట్లా తెలియాలి? ఆ పని స్తుతికి అప్పజెప్పారు. ఒక్కో డబ్బాకు ఒక రహస్య కీ ఉంటుంది, అదే కీ ఆ రైతు ఫోన్‌లోనూ ఉంటుంది. ఫోన్ మెసేజ్‌నీ కీనీ కలిపి లెక్కగట్టి, ముప్పై రెండు బైట్ల ముద్ర తీసి మెసేజ్ చివర తగిలిస్తుంది. డబ్బా తన దగ్గరున్న కీతో అదే లెక్క కట్టి చూసుకుంటుంది. రెండు ముద్రలూ ఒకటైతేనే మోటారు కదలాలి. హెచ్‌మ్యాక్ అంటారు ఈ లెక్కను. దాన్ని చేసిపెట్టే రెడీమేడ్ కోడ్, సి భాషలో రాసిన లైబ్రరీ, ఒకటి ముందే ఉంది. స్తుతి దాన్నే వాడింది.

ముద్ర ఎన్ని బైట్లు వచ్చిందో చెప్పడానికి ఆ లైబ్రరీ ఫంక్షన్ ఒక చోటు అడుగుతుంది. ఇప్పుడెందుకులే అని స్తుతి అక్కడ ‘నల్’, అంటే ఖాళీ, అని రాసి వదిలేసింది. తర్వాత రెండు ముద్రలనూ పోల్చే లైనులో పొడవు అవసరమైంది. మాటల్లో అక్షరాలు లెక్కబెట్టే మామూలు ఫంక్షన్‌నే అక్కడ పెట్టేసింది. పరీక్షల్లో సరైన మెసేజ్‌లన్నీ లోపలికి పోయాయి, తప్పువన్నీ బయటే ఆగాయి. దేవేందర్ సారు, అంటే వాళ్ల ఆఫీసు పెద్ద, భుజం తట్టినంత పని చేశాడు.

డబ్బాలు బిగించడానికి మనుషులు కావాలంటే స్తుతే తమ గల్లీలోని ఎల్లేశ్ పేరు చెప్పింది. ఐటీఐ చదివి పదేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో వైరింగు చేస్తున్నవాడు. ఆయన చెయ్యి పడ్డ వైరు వంక లేకుండా ఉంటుందని అందరికీ నమ్మకం.

మరుసటి ఎండాకాలం కోహెడలో ఆ ప్రమాదం జరిగింది. నారయ్య అనే రైతు ఫోన్‌తో మోటారు బందు చేసి, బోరు దగ్గర కూర్చుని తెగిన కేబులుకు అతుకు వేస్తున్నాడు. ఫ్యూజులు పీకినంకనే వైరు ముట్టాలని ఎల్లేశ్ డబ్బా బిగించిన నాడే చెప్పాడు. ఫోన్‌లో బందయినంక ఇంకేమి ఫికరని నారయ్య పీకలేదు. ఉన్నట్టుండి మోటారు దానంతటదే లేచింది. పక్క పొలంవాళ్లు ఉరికొచ్చి కట్టెతో కొట్టి విడిపించేసరికి కుడిచెయ్యి కమిలిపోయింది. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు.

దేవేందర్ సారు వచ్చి చూసి, వైరింగులో లోపమని నలుగురి ముందూ చెప్పేశాడు. ఎల్లేశ్ తలొంచుకుని నిలబడ్డాడు. ఆ వారమే కంపెనీ ఆయన్ను పనిలోంచి తీసేసింది. కోహెడలోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఆయన్ను వైరింగుకు పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

మూడు వారాల తర్వాత ఆ డబ్బా వాపసు వచ్చింది. స్తుతి దాని మెమరీ తీసి చదివింది. ఆ రోజు మోటారును లేపిన మెసేజ్ నారయ్యది కాదు, పక్క పొలం రైతు జంగాది. ఆయన కొత్త ఫోన్‌లో తన డబ్బా నంబరు ఎక్కించుకుంటూ చివరి అంకె తప్పు నొక్కాడు. కీ వేరు కాబట్టి నారయ్య డబ్బా దాన్ని వద్దనాలి. ఎందుకు వద్దనలేదు? స్తుతి నారయ్య కీతో ఆ మెసేజ్‌కు మళ్లీ లెక్క కట్టింది. ముద్రలో మొట్టమొదటి బైటు సున్నా. అక్షరాలు లెక్కబెట్టే ఫంక్షన్ సున్నా కనబడగానే ఆగిపోతుంది. అది పొడవు సున్నా అని చెప్పింది. డబ్బా ఒక్క బైటు కూడా పోల్చకుండానే సరేననుకుంది. సగటున రెండువందల యాభై ఆరు మెసేజ్‌లలో ఒకదానికి ఇట్లా అవుతుంది.

ఆమె తను రాసిన ఆ లైనును తెర మీద ఇంకోసారి చదివింది. లేచి దేవేందర్ సారు దగ్గరికి పోయింది.

ఆయన అంతా విని, “సరిచేసి కొత్తది అన్ని డబ్బాల్లకు ఎక్కియ్. బయట మాత్రం నోరిప్పకు” అన్నాడు.

“మరి ఎల్లేశన్న, సార్?”

“ఆయన ఇంకో పని చూసుకుంటడు తియ్.”

స్తుతి సరిచేసింది. నోరు మాత్రం ఇప్పలేదు. ఉద్యోగం పర్మినెంటు అయినంక చెబుదామనుకుంది. అయినంక, ఇంకో కంపెనీకి మారినంక చెబుదామనుకుంది. గచ్చిబౌలికి మారింది, జీతం పెరిగింది. పొద్దున బస్సుకు పోయేటప్పుడు ఎల్లేశ్ ఇల్లు తగలకుండా వెనక గల్లీలోంచి నడవడం అలవాటు చేసుకుంది. నాలుగేళ్లు అట్లాగే నడిచింది.

ఒక ఆదివారం తల్లి యశోదమ్మ అన్నం వడ్డిస్తూ మాటల్లో చెప్పింది. “కోహెడ నారయ్య గుండెనొప్పొచ్చి పోయిండట. ఎల్లేశ్ సావుకు పోతే ఆళ్లు లోపటికి రానియ్యలేదట. పాపం, వాకిట్లకెల్లే మర్లిండు.”

స్తుతి కంచం పక్కకు జరిపి, ఎల్లేశ్ ఇప్పుడెక్కడ పనిచేస్తున్నాడని తల్లిని అడిగింది.

మరునాడు సెలవు పెట్టి మన్నెగూడ పోయింది. చౌరస్తాలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో ఎల్లేశ్ జీపు నడుపుతున్నాడు. కొనేవాళ్లను ఎక్కించుకుని వెంచర్లకు తిప్పి చూపించడం ఆయన పని. జీపు పక్కన నిలబడి స్తుతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. బైట్ల సంగతి ఆయనకు ఎంత అర్థమైందో గానీ బండి బానెట్‌కు ఆనుకుని అంతా విన్నాడు.

చివరికి అన్నాడు, “అయితే వైరింగు మంచిగనే ఉండె?”

“మంచిగనే ఉండె అన్నా. తప్పు నాది.”

“నాలుగేండ్ల సంది నేను ఆ డబ్బా మనసుల ఎన్నిసార్లు ఇప్పి బిగించిననో తెలుసా? యాడనో స్క్రూ వదులు చేసిననుకున్న. నేనే చేసిననుకున్న, స్తుతీ.” ఆమె వైపు తిరిగి, “ముందుగాల్ల ఎందుకు చెప్పలే?” అన్నాడు.

“భయమైంది.”

“అవ్. నీకు భయమైతది.” కోపంగా అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆమెకు. “బండెక్కు. మారెమ్మకు కూడ చెప్పు” అన్నాడు.

కోహెడలో నారయ్య భార్య మారెమ్మ వాకిట్లో చాటలో కందులు చెరుగుతోంది. ఎల్లేశ్‌ను చూసి మొహం తిప్పుకుంది. స్తుతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఇంకా చిన్న మాటల్లో. మారెమ్మ చాట పక్కన పెట్టింది.

“ఆయన ఎల్లేశ్ పేరెత్తితే బువ్వ తినకపోతుండె” అంది. “మా కొడుకసొంటోడు గిట్ల చేసిండని. ఆయన పానమున్నప్పుడు రాకపోతివి బిడ్డా.”

మారెమ్మ లేచి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఎల్లేశ్ చేతికిచ్చింది. స్తుతికి ఇవ్వలేదు.

తిరుగుదారిలో ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు జీపు ఆపి ఎల్లేశ్, ప్లాట్ల బ్రోచరు ఒకటి తీసి, వెనక ఖాళీగా ఉన్న వైపు తిప్పి ఆమె ఒళ్లో పెట్టాడు.

“తప్పు ఎవలిదో రాసియ్యి. తెలుగుల రాయి. ఊళ్లె నలుగురికి చూపియ్యాలె.”

స్తుతి రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన పెదాలు కదుపుతూ చదివి, ఒక చోట వేలు పెట్టాడు.

“ఈ హెచ్‌మ్యాక్ గిచ్‌మ్యాక్ తీసెయ్. మా బాపుకు సమజ్ కాదు. ఎల్లేశ్ వైరింగు మంచిగ చేసిండు అని ముందల రాయి.”

ఆమె ఇంకో బ్రోచరు తీసుకుని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.