ముసురులో పొద్దు పొడిపించిన బాయిలరు

రెండువేల సంవత్సరం దాటిన రెండేళ్లకో మూడేళ్లకో నన్ను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి బాయిలర్ మేస్త్రిగా వేశారు. ఆ కార్తీకంలో మూడు రోజుల పాటు ఊరి మీద పొద్దు పొడవలేదు. ఆ మూడు రోజులూ పొద్దుని నేనే పొడిపించాను. ఒక్కణ్ణే.

బాయిలర్ మేస్త్రి అంటే సర్టిఫికెట్ ఉన్న మనిషి. నీటిమట్టం చూపే గాజు గొట్టం మీదా, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మీదా ఒక కన్ను వేసి ఉంచడమే అతని ఉద్యోగం. ఆ ఆవిరితోనే జీడిపిక్కల్ని ఉడికిస్తారు. తొక్క కోసి తీసిన పప్పుని బోర్మా అనే వేడిగదిలో పెడతారు. అక్కడ ఆరితేనే పప్పు మీది ఎర్రపొర ఊడుతుంది. తడి మిగిలితే బూజు పడుతుంది.

వాయుగుండం పట్టిన రెండో రోజు ఉద్దానం నుంచి మరియమ్మ, ఆమె తోడికోడలు బండి మీద పప్పు బస్తాలతో వచ్చారు. మరియమ్మ ఏళ్ల తరబడి పరాయి జీడి బట్టీల్లో పిక్కలు కోసి, ఆ ఏడే సొంతంగా చిన్న బట్టీ పెట్టుకుంది. తొలి సరుకు చేతికొచ్చేసరికి గాలికి షెడ్డు రేకులు లేచిపోయాయి.

"రేపటికి ఆరకపోతే పారబోయడవే మేస్త్రీ. మళ్లీ ఒకళ్ల బట్టీకి కోతకెల్లాల నేను" అంది.

బోర్మా వాడుకోడానికి మా మేనేజరు ఒప్పుకున్నాడు. కానీ మా కట్టెలన్నీ నానిపోయాయి, కరెంటు లేదు. ఆమె దగ్గరున్న జీడితొక్క తెప్పించమన్నాను. తొక్కలో నూనె ఉంటుంది, వానకి తడిసినా లోపలికి నీరు పట్టదు.

తొక్క వచ్చింది. కట్టెలు వేసే అలవాటున్న చెయ్యి కదా, పొయ్యి నిండా కూరేశాను. నల్లటి పొగ తలుపులోంచి వెనక్కి తన్నింది. గొట్టాల్లో మసి పేరుకుని ముల్లు పడిపోయింది.

"పప్పు ఆరబెడతన్నారా, మాకు పొగెడతన్నారా?" అంది మరియమ్మ దగ్గుతూ.

మంట లాగేసి, చల్లారనిచ్చి, గొట్టాలు బ్రష్షుతో తోమాం. ఈసారి గాలి దారి పూర్తిగా తెరిచి, పారతో కాస్త కాస్తగా వేశాను. ముల్లు లేచింది.

వాళ్లిద్దరూ చేతిపంపుతో బాయిలరుకి నీళ్లు కొడుతుంటే నేను ఉపన్యాసం అందుకున్నాను. ఈ మంట మొన్న వేసవిలో ఉద్దానం తోటల మీద కాసిన ఎండే, జీడాకు తాగి తొక్కలో దాచింది అన్నాను. కట్టె అయినా అంతే. రాక్షసిబొగ్గు ఎప్పటి అడవులో తాగిన ఎండ. మీరు పంపు కొట్టే బలం పొద్దున తిన్న చద్దన్నంలోది, ఆ వరికి కూడా ఎండే కూడు. ఆఖరికి ఈ వాన కూడా, సముద్రాన్ని సూర్యుడు కాచబట్టే పైకి లేచింది.

"అయితే నా సరుకు తడిపిందీ ఆయనే, ఆరబెట్టేదీ ఆయనేనా?"

అవునన్నాను.

"మరి మద్దిన మీరేటి సేత్తన్నారు?"

పారతో ఇంకాస్త తొక్క వేశాను.

సరుకు దక్కింది. మొదట్లో ఒక్కణ్ణే అన్నాను, అది కొంత పెంచి చెప్పిన మాట. తొక్క మోసిందీ, నీళ్లు కొట్టిందీ వాళ్లు. బాయిలరు నడిచింది కూడా మూడు రోజులు కాదు, ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: ఇంధనం అంటే నిల్వ ఎండ. కట్టె తన ఎండని నిదానంగా ఇస్తుంది, తొక్క ఒక్కసారిగా విసురుతుంది. ఏది ఎలా ఇస్తుందో తెలుసుకుని పొయ్యిలో వెయ్యాలి.

మరియమ్మకి ఇప్పుడు కాశీబుగ్గలో సొంత బాయిలరు ఉంది. మొన్న వెళ్లి ఇదంతా చదివి వినిపించాను. చివరిదాకా విని, పొర తీస్తున్న పప్పు పక్కన పెట్టింది.

"మీ బోర్మాలో ఆరింది సగవే మేస్త్రీ. మర్నాడు మజ్జాన్నం ఎండ కాసింది. మిగిలిన సగం బండెక్కించి, మా ఊరి సర్చి మేడ మీద పరిసి ఆరబెట్టుకున్నాం. మీరప్పుడు మసి మొకంతో బెంచీ మీద గురక పెడతన్నారు."